కోకు బొగ్గు

కోటవురట్ల చుట్టుపట్ల పెరిగిన బాలబాలికలకు కఱ్ఱబొగ్గు క్రొత్త వస్తువు కాదు. కమ్మరి కొలిమిలోను, ఇస్త్రీపెట్టెలోను దానిని చూచియే యుందురు. అది తయారగు విధము తెలిసినచో, ఉక్కు కర్మాగారములందలి కోకు సంగతియు సులభముగా బోధపడును.

బొగ్గు కాల్చువాడు కట్టెలను కుప్పగా పేర్చి, ఆకులును మట్టియు కప్పి, లోపల నిప్పు పెట్టును. గాలి ధారాళముగా చొరబడినచో కట్టె యంతయు బూడిద యగును. బొత్తిగా చొరకున్న నిప్పారిపోవును. కావున అతడు పొగ రంగు కనిపెట్టుచు, రంధ్రములు తెరచుచు మూయుచు, రాత్రింబవళ్లు కావలి యుండును. నీరును పొగయు వెడలిపోగా కర్బనము మిగులును.

పూర్వము ఇనుము కరగించుటకు ఈ కఱ్ఱబొగ్గే ఆధారము. అందుకై అడవులు తరిగిపోయెను. 1709లో ఇంగ్లండునందలి కోల్‌బ్రూక్‌డేలులో అబ్రహాము డార్బీ కోకుతో ఇనుము తీసెను. పచ్చి రాతిబొగ్గు ఇందులకు పనికిరాదు. దానిలోని గంధకము ఇనుమును చెరచును. మఱియు నది వేడికి మెత్తబడి గాలి త్రోవను మూయును. కోకు గట్టిదై, సందులు గలదై, పైనున్న ఖనిజపు బరువు నోర్చును.

మన జిల్లా ప్రక్కనే, 1992లో జాతికి అంకితమైన విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారమున 7 మీటర్ల యెత్తున, వరుసకు 67 చొప్పున కోకు పొయ్యిలు కట్టిరి. గాలి చొరని ఆ యిటుక గదులలో బొగ్గుపొడి నింపి, ప్రక్క గోడలనుండి సుమారు 1,000 డిగ్రీల వేడి తగిలించి, 16 గంటలు, అంతకు పైనను కాతురు. వెడలు పొగనుండి తారు, అమ్మోనియా, బెంజాలు వేరుపరచి, మిగిలిన వాయువును ఇంధనముగా వాడుదురు. ఎఱ్ఱని కోకును నత్రజనితో చల్లార్చి, ఆ వేడితో ఆవిరి పుట్టింతురు. మన సింగరేణి బొగ్గు ఎంత కాచినను గట్టి కోకుగా మారదు. కావున తగిన బొగ్గు ఆస్ట్రేలియా మొదలగు దేశములనుండి ఓడలపై వచ్చును.

ఒక్క మాట దాచరాదు. కోకు పొయ్యిల పొగ చిరకాలము పీల్చుటవలన ఊపిరితిత్తుల కాన్సరు కలుగునని వైద్యులు నిర్ణయించిరి. కర్మాగారపు పనివానిని కాపాడుటకు చట్టమైన కలదు. మట్టికుప్ప ప్రక్క పొగలో నిలుచువానికి అడ్డము ముఖమునకు చుట్టుకొన్న తువ్వాలే.

తండ్రి బొగ్గు కాల్చునని చెప్పుటకు సిగ్గుపడు పిల్లలను మేము చూచియున్నాము. బిడ్డలారా, సిగ్గుపడకుడు. ఆ కుప్పను ఆరకుండ, మండకుండ కాచుట గొప్ప నేర్పు. తక్కినవారు ఆ నేర్పును అడిగి తెలిసికొనుడు. మీలో నొకరు రసాయనశాస్త్రము చదివి, ఆ కుప్ప పొగ మనిషికి సోకని యుపాయ మొకటి కనిపెట్టినచో మా పాఠము ఫలించినట్లే.