తమిళం పాడిన బాలమురళిగారి బొమ్మ ఎందుకు వేశాం?

మన సంఘం హాల్లో గోడకు పెట్టిన బొమ్మ గురించి చాలామంది అడుగుతున్నారు. కొందరు మెచ్చుకున్నారు, కొందరు కోప్పడ్డారు. అందుకే ఈ నాలుగు మాటలు.

1988 ఆగస్టు 15న దూరదర్శన్‌లో మొదటిసారి వచ్చిన ‘మిలే సుర్ మేరా తుమ్హారా’ మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆరు నిమిషాల ఆ పాటలో తమిళం, కన్నడం, తెలుగు, మలయాళం వరసగా వస్తాయి. తమిళ పాదం పాడింది మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు. కోనసీమ శంకరగుప్తంలో 1930లో పుట్టి, బెజవాడలో పెరిగి, మన చెన్నైలో స్థిరపడిన మనిషి. తెలుగు పాదం మాత్రం ఆయన పాడలేదు.

ఆదివారాలు హాల్లో బొమ్మలు నేర్చుకునే మేం పదిమందిమి ఆ దృశ్యాన్నే ఎంచుకున్నాం. నకలు తియ్యడానికి కాదు. వీడియోలో చూస్తే కనబడనిది, కుంచె పట్టినప్పుడు కనబడుతుందేమో చూద్దామని. ఫైన్ ఆర్ట్స్ కాలేజీల్లో ఇలాంటి పనిని కూడా పరిశోధనే అంటారు. ప్రశ్నకు జవాబు పుస్తకాల్లో కాక, బొమ్మ వేస్తూ వెతకడం అన్నమాట. జర్మన్ చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్ కూడా అదే 1988లో, పత్రికల్లోవీ పోలీసు దస్త్రాల్లోవీ ఫొటోలు ముందు పెట్టుకుని 15 చిత్రాలు వేశాడు. వాటిని కావాలనే మసకగా వేసి, అందరూ చూసేసిన ఫొటోల దగ్గర జనం మళ్ళీ ఆగేలా చేశాడు.

మా పనీ ఆగడంతోనే మొదలైంది. మన టీవీలో సెకనుకు 25 ఫ్రేములు పరుగెత్తిపోతాయి. అందులో ఒక్కదాని ముందు మూడు నెలలు కూర్చున్నాం. మొదటి చిక్కు ఆయన నోరు. ఏ అక్షరం దగ్గర ఆపాలి? ‘ఆ’ అని తెరిచిన నోటిని చూసి అది తమిళమో తెలుగో ఎవరు చెప్పగలరు? కాన్వాసు మీద శబ్దం ఉండదు. భాష పోయి, పాడే మనిషి మిగిలాడు.

రెండో చిక్కు, కెమెరాకు అందని చోట ఏం వెయ్యాలన్నది. మాలో ఒకమ్మాయి తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు. ఆ అమ్మాయి బాలమురళిగారి వెనక ఇసకలో తన అమ్మమ్మను కూర్చోబెట్టింది. ఎందుకమ్మా అంటే, “ఆవిడకీ ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం కదా” అంది.

ఒక పెద్దాయన గట్టిగానే అడిగారు: “మనకున్నది ఒక్క గోడ. పిల్లలకు తెలుగు రావడం లేదని మనం ఏడుస్తుంటే, దానిమీద తెలుగువాడు తమిళం పాడే బొమ్మా?” ఆయన బాధ చిన్నది కాదు. మన తెలుగు తరగతికి వచ్చే పిల్లలు ఏటా తగ్గిపోతున్నారు. బొమ్మ చూస్తే అక్షరాలు రావు, నిజమే.

కానీ తమిళం పాడినందుకు బాలమురళిగారి తెలుగు తరిగిపోలేదు. తెలుగులోనూ సంస్కృతంలోనూ తమిళంలోనూ కృతులు కట్టిన వాగ్గేయకారుడాయన. రెండు భాషల మధ్య పెరుగుతున్న మన పిల్లలకు, ఒకటి నేర్చుకోవాలంటే ఇంకోటి వదలక్కర్లేదని చూపించడానికి అంతకంటే మంచి మనిషి మాకు దొరకలేదు.

అమ్మమ్మ పేరు తెలుగులోనే రాయాలని ఆ అమ్మాయి పట్టుబట్టింది. ఆ అక్షరాలు పెద్దాయన దగ్గరే రాయించుకుని, ఇంకా దిద్దుతోంది.

ఈసారి తెలుగు పాదం వేద్దామనుకుంటున్నాం. ఆ పాటను మీరు ఎవరింట్లో, ఎవరి పక్కన కూర్చుని చూశారో కింద రాయండి. వాళ్ళకీ కాన్వాసు మీద చోటుంది.