డై నరం దాటితే

సీటీ స్కాన్‌లో నరానికి ఎక్కించే డై అయోడిన్ ఉన్న మందు. అది నరం దాటి చర్మం కిందికి చేరితే చెయ్యి ఉబ్బుతుంది, బిగుస్తుంది, మంట పెడుతుంది. ఇది వెయ్యి మందిలో ఒకరి నుంచి పన్నెండు మంది దాకా జరగవచ్చని లెక్క. చాలావరకు కొద్దిరోజుల్లో దానంతటదే సర్దుకుంటుంది.

హైదరాబాద్‌లో నేను చూసిన ఒక సీటీ విభాగంలో జాగ్రత్తలు స్కాన్ గది బయటి కుర్చీ దగ్గరే మొదలవుతాయి. మోచేతి దగ్గరో ముంజేతి మీదో పెద్ద నరం చూసి 20 గేజ్ గులాబీ రంగు క్యాన్యులా పెడతారు. ముందుగా సెలైన్ తోసి చూస్తారు. డైని 37 డిగ్రీలకు వేడిచేస్తే చిక్కదనం తగ్గుతుంది. వృద్ధులు, పసివాళ్లు, కీమో వల్ల నరాలు పాడైనవాళ్లు, నొప్పి చెప్పలేనివాళ్ల మీద ప్రత్యేకంగా కన్నేసి ఉంచాలి.

ఇంజెక్టర్ యంత్రం సెకనుకు 3 నుంచి 5 మిల్లీలీటర్ల డై తోస్తుంది. నరం చిట్లితే పదిహేను సెకన్లలోపే 50 మిల్లీలీటర్లు కండ మీదికి చేరగలవు. ఒళ్లంతా వెచ్చబడటం డైతో మామూలే. సూది దగ్గర మంట మాత్రం మామూలు కాదు. స్కాన్ పాడవుతుందేమోనని మనవాళ్లు పళ్ల బిగువున ఓర్చుకుంటారు. నష్టం పెరిగేది అక్కడే.

కొన్ని డైల గాఢత రక్తం కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. అందుకే చుట్టూ ఉన్న నీటిని లాక్కుని, మందు ఆగాక కూడా వాపు పెరుగుతుంది. డై కారిందని తెలియగానే ఇంజెక్టర్ ఆపి, సూది తీసి, చేతిని గుండె కంటే ఎత్తులో ఉంచుతారు. గాజులు, ఉంగరాలు తీసేయాలి. ఐసా, వేడి కాపడమా అన్నది తేలని వాదన. రెండూ వాడుకలో ఉన్నాయి, ఒకటి మేలని రుజువు కాలేదు. కారిన మందును సిరంజితో లాగడం వల్ల లాభమూ రుజువు కాలేదు. డాక్టరు చూసి, ఎంత మందు కారిందో రాసి, రోగిని కొన్ని గంటలు కనిపెట్టి ఉండాలి. ఎంఆర్‌ఐలో వాడే డై పరిమాణం తక్కువ కాబట్టి అక్కడ తీవ్రమైన గాయాలు అరుదు.

భయపడాల్సింది కండరాల గదుల్లో ఒత్తిడి పెరిగి రక్తప్రసరణ ఆగిపోవడం. నొప్పి పెరుగుతున్నా, వేళ్లు తిమ్మిరెక్కినా, కదపలేకపోయినా, చర్మం పాలిపోయినా, బొబ్బలు లేచినా సర్జన్ చూడాలి. ఇంటికి వెళ్లాక వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.