సిరామరక

సంస్కరణ పండుగ వచ్చినప్పుడెల్ల మీ గుడిలోను ఈ కథ వినియే యుందురు. మార్టిన్ లూథరుగారు కోటలో దాగియుండి వ్రాయుచుండగా సాతాను వచ్చి శోధించెననియు, ఆయన సిరాబుడ్డి తీసి వానిమీదికి విసరగా అది గోడకు తగిలి పగిలెననియు, ఆ మరక నేటికిని చెరగక యున్నదనియు చెప్పుదురు. నేనును చెప్పితిని. 22 సంవత్సరములు, మూడు గ్రామముల గుళ్లలో, బుడ్డి విసరుచోట చెయ్యి యెత్తి చూపుచు చెప్పితిని. నా ప్రసంగములన్నిటిలో పిల్లలకు జ్ఞాపకముండునది అదొక్కటే.

నా కుమారుడు జర్మనీ దేశములో పని చేయుచున్నాడు. అతడు నన్ను కొన్ని దినములకు పిలిపించినప్పుడు నేను కోరినది ఆ గదిని చూచుట మాత్రమే. బయలుదేరునాడు మా సంఘములోని ఒక ముసలితల్లి నా చెయ్యి పట్టుకొని, "అయ్యగారూ, ఆ మరక ఫొటో తీసుకురండి. నేను చదువు రానిదాన్ని. దాన్నన్నా కళ్లారా చూస్తాను" అన్నది. తెచ్చెదనని మాట యిచ్చితిని.

ఆ కోట పేరు వార్ట్‌బుర్గ్. ఐసెనాఖ్ అను పట్టణమునకు పైగా, అడవి కప్పిన కొండ కొనమీద నున్నది. 1080 నాటికే దాని పేరు వ్రాతలలో కనబడుచున్నది. 1999లో యునెస్కోవారు దానిని ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చిరి. దేశదేశముల జనులు గుంపులుగా వచ్చుదురు. మాకున్నది ఒక్క పూట. సాయంకాలపు రైలుకు తిరిగి దిగవలెను.

కుమారుని కెమెరా మెడలో వేసికొని నేను కొండ యెక్కితిని. బాట మలుపున ఒక ఫొటో, ద్వారమునొద్ద ఒకటి, ఆవరణలో పది. ఎవరైన అడ్డము వచ్చినయెడల నిలిచి, వారు తొలగిన పిమ్మట తీసి, సరిగా రాలేదని మరల తీసితిని. "నాన్నా, కొంచెం కళ్లతో కూడా చూడండి" అని నా కుమారుడు నవ్వెను. పైన శిలువగల ఎత్తైన బురుజును ఎన్ని ప్రక్కలనుండి తీసితినో లెక్క లేదు. లూథరుగారు ఈ శిలువవైపు చూచి ధైర్యము తెచ్చుకొనియుందురని ఒక ప్రసంగము కూడ మనసులో అల్లుకొంటిని. తీరా తెలిసినదేమనగా, పాడుబడిన కోటను 19వ శతాబ్దములో బాగుచేయించినప్పుడు ఆ బురుజును కట్టి 1859లో ముగించిరట. లూథరుగారు దానిని ఎన్నడును చూడలేదు. అక్కడనే నేను బుద్ధి తెచ్చుకొనవలసినది.

లోపల ఎలిసబెతమ్మ పేరిట ఒక గది యున్నది. ఆమె హంగేరీ రాజు కుమార్తె; 1211లో నాలుగేండ్ల పిల్లగా ఈ కోటకు వచ్చెను. తనకున్నది బీదలకు పెట్టి, రోగులకు సేవచేసి, 24 ఏండ్లకే చనిపోయెను. ఆమె గది గోడలన్నియు మిలమిల మెరయు గాజుముక్కలతో నిండియున్నవి. అవి తరువాతి వారు పెట్టినవి. ఆమె చూచినయెడల ఏమనునో!

లూథరుగారి గది వేరొక ప్రక్కన నున్నది. 1521లో వోర్మ్స్ సభయందు ఆయన తన వ్రాతలను త్రోసిపుచ్చననెను గదా. అప్పుడు ఆయన ప్రాణము కాపాడుటకై సాక్సనీ ప్రభువైన ఫ్రెడెరిక్, దొంగలు ఎత్తుకొనిపోయినట్లు నటింపజేసి, మే 4న ఇక్కడికి చేర్పించెను. ఆయన గడ్డము పెంచి, మారుపేరుతో, 1522 మార్చి 1 వరకు ఇక్కడనే యుండెను. కడపటి పదునొకండు వారములలో క్రొత్త నిబంధననంతయు గ్రీకునుండి జర్మను భాషలోనికి త్రిప్పెను. మన పాఠశాల గది కంటె చిన్నది ఆ గది. చెక్కల గోడలు, ఒక బల్ల, ఒక పొయ్యి, పాదములు పెట్టుకొనుటకు తిమింగిలపు వెన్నుపూస.

నేను మరక వెదకితిని. పొయ్యి ప్రక్కన గోడకు పూత ఊడియుండెను, మరక లేదు. నా కుమారుడు అక్కడివారిని అడిగి చెప్పెను: పూర్వము ఒక మరకను చూపెడివారట, అది వెలిసినప్పుడెల్ల మరల సిరా పూసెడివారట, వచ్చినవారు జ్ఞాపకార్థము గీచికొని పోగా గోడ పూతయే పోయినదట. లూథరుగారి బల్లను కూడ అట్లే చీలికలు చీలికలుగా కోసికొనిపోగా, ఇప్పుడున్నది వేరొక బల్ల. బుడ్డి విసరిన సంగతి లూథరుగారు తాము ఎక్కడను వ్రాయలేదట.

వెనుక గుంపు త్వరపెట్టుచుండెను. ఫ్లాషు వెలిగింపకూడదు. ఆ వట్టి గోడనే ఒక ఫొటో తీసి బయటికి వచ్చితిని. గుంటూరులో అచ్చు వేయించి చూడగా, పొయ్యి నీడ గోడమీద నల్లగా, చేతివెడల్పున, చిమ్మినట్లు పడియుండెను.

చదువరులారా, ఇక చెప్పుటకు నాకు సిగ్గుగా నున్నది. సాయంకాల ప్రార్థన ముగిసిన తరువాత ఫొటోలు చేతినుండి చేతికి పోవుచుండెను. ఆ ముసలితల్లి ఆ ఫొటోను దీపమునకు దగ్గరగా పట్టి, "ఇదేనా అయ్యగారూ?" అని అడిగెను. నేను "ఊఁ" అంటిని. అంతే. ఆమె దానిని కన్నులకద్దుకొనెను. పిల్లలు త్రోసికొనుచు వచ్చి చూచిరి. సంఘపెద్ద దానికి చట్రము కట్టించి గుడిగోడకు తగిలించెను. నేను మేకు కూడ పట్టుకొంటిని.

మూడు వారములు గడచెను. కన్ఫర్మేషన్ తరగతిలో ఒక పిల్లవాడు నాయెదుట నిలిచి, అబద్ధ సాక్ష్యమును గూర్చిన ఎనిమిదవ ఆజ్ఞను దాని అర్థముతో తడబడక అప్పగించెను. అప్పగించుచున్నంతసేపు వాని కన్నులు గోడమీది ఫొటోమీదనే యుండెను; నాకు చెమట పట్టెను. ఆ రాత్రి నిద్ర రాలేదు. ఒక్క "ఊఁ" కొరకు కాదు. అది లేదంటే 22 ఏండ్ల నా మాట ఏమగును? ఇది అబద్ధమైన తక్కినదియు అట్టిదే యని ఎవరైన అనుకొనిన? ఇట్లు దేవుని పనిని అడ్డము పెట్టుకొని నన్ను నేను దాచుకొంటిని.

ఆదివారమున ప్రసంగమునకు ముందు అంతయు చెప్పివేసితిని. గుడి నిశ్శబ్దమాయెను. పెద్దకు కోపము వచ్చెను. "చెప్పకపోతే ఎవరికి నష్టమండీ?" అనెను. నేను జవాబు చెప్పలేదు. ముసలితల్లి మాత్రము కొంతసేపు ఊరకుండి, "మరక లేకపోతే పోనీండి. ఆయన రాసిన పుస్తకం ఫొటో తీశారా?" అని అడిగెను.

తీయలేదు. గాజుపెట్టెలో ఒక పాత జర్మను బైబిలు కనబడెను గాని, గాజు మెరయుచున్నదని విడిచిపెట్టితిని.

గనుక ఆ దినము ప్రసంగము మాని ఆ పుస్తకము సంగతి చెప్పితిని. 1522 సెప్టెంబరులో అది విట్టెన్‌బెర్గులో అచ్చు పడెను. ఇంటిలో తల్లియు, వీథిలో పిల్లలును, సంతలో సామాన్యుడును ఎట్లు మాటలాడుదురో విని అట్లు వ్రాయవలెనని లూథరుగారు చెప్పెడివారు. పాత నిబంధనలోని బలులను గూర్చి వ్రాయునపుడు కసాయివానిచేత గొఱ్ఱెను కోయించి, ఒక్కొక్క భాగము పేరు అడిగి తెలిసికొనిరట. దానికి మా గొల్లలు తలలు ఊపిరి. ఆ దేశమునుండి వచ్చిన బెంజమిన్ షుల్జెగారు మద్రాసులో తెలుగు నేర్చి బైబిలును తెనిగించిరి. అది అచ్చు కాలేదు. అయితే లూథరుగారి చిన్న ప్రశ్నోత్తరిని వారు తెలుగులో హాలె పట్టణమందు 1746లో అచ్చు వేయించిరి. తెలుగున మొట్టమొదట అచ్చుపడిన పుస్తకములలో అది ఒకటి. ఎనిమిదవ ఆజ్ఞ అందులోను ఉన్నది.

ఫొటోను దింపుదమంటిని, ముసలితల్లి ఒప్పుకొనలేదు. దాని క్రింద, "ఇది పొయ్యి నీడ, మరక కాదు" అని పెద్ద అక్షరములతో వ్రాసి అంటించితిని. ఆమె మనుమరాలిచేత అది చదివించుకొని పోయెను. ప్రక్క ఊరివారు మాత్రము ఇప్పటికిని అప్పుడప్పుడు సిరామరకను చూడవలెనని వచ్చుచున్నారు.