నఱకిన చెఱకు

మా వడ్డాది ప్రాంతమున చెఱకు నఱకు దినములు వచ్చెనన్న ఇంటిల్లిపాదికిని తీరికయుండదు. "నాటి చెఱకు నాడే ఆడవలె"నని మా అత్తగారు పలుమాఱు చెప్పుచుందురు. నఱకిన గడలు రెండు మూడు దినములు ఎండలో పడియుండెనా, ఎంత కాచినను పాకము చక్కగా గట్టిపడదు. దిమ్మ జిగటగానుండి చెమర్చును. అనకాపల్లి బజారున అట్టి బెల్లమునకు వెల తగ్గును. ఏడాది కష్టము రెండు దినములలో కరగిపోవుట చూచిన యిల్లాండ్రకు ఆ మాట విలువ తెలియును.

దీనికి కారణము చెఱకులోనే కలదు. ఇన్వర్టేజు అను ఎంజైము అందున్నది. పంచదార, గ్లూకోజు ఫ్రక్టోజు అను రెండు చిన్న చక్కెరలు జతగూడగా నేర్పడినది. ఇన్వర్టేజు నీటి సాయమున ఆ జతను విడదీయును. విడిపోయినవియు తీపివే గాని, బెల్లమును పలుకు కట్టనీయవు. పైరు నిలిచియున్నంతకాలము ఈ పని హద్దులోనుండును. నఱకిన పిదప హద్దు తప్పును.

చిత్రమేమన, ఎంజైము పని చేసియు తాను తఱుగదు. ఒక జతను విడదీసి వెంటనే మఱియొక జతను పట్టును. కావున అది కొంచెమే యైనను, కాలము దొరకిన చాలును. ఈ ఇన్వర్టేజు వేగమునే 1913లో లియొనార్ మికాయెలిస్ అను శాస్త్రజ్ఞునితో కూడి మాడ్ మెంటెన్ అను కెనడా వనిత లెక్క కట్టెను. చక్కెర హెచ్చిన కొలది వేగము హెచ్చి, ఎంజైములన్నిటికిని చేతినిండ పని దొరకిన పిమ్మట ఇక హెచ్చదని వారి లెక్క. ఆ సూత్రము నేటికిని వారిరువురి పేరనే యున్నది. మన బాలికల పాఠములలో ఆమె పేరు మఱికొంచెము వినబడిన బాగుండును!

ఇన్వర్టేజు అన్నములోని పిండిపదార్థము జోలికి పోదు. ఆ పనికి మన లాలాజలములో వేఱొక ఎంజైము కలదు. అన్నము నమిలిన కొలది తీయనగుట దానివలననే. తాళమునకు తగిన తాళపుచెవి వంటిదని ఎమిల్ ఫిషరు 1894లో దీనిని పోల్చెను.

బండి దొరకనినాడు గడలను నీడకు చేర్చి, చెఱకాకు కప్పి, నీరు చిలకరింపవలెను. చల్లదనమున ఎంజైము మందగించును గాని ఆగదు. పెనములో రసము మరగునప్పుడు మాత్రము, మాంసకృత్తు గావున, గ్రుడ్డులోని తెల్లసొనవలె రూపుచెడి పని మానును. అయిననేమి, అప్పటికి విడిపోయిన జతలు మరల కూడవు. రసమున సున్నము చేర్చుట వేఱొక శత్రువు కొఱకు: పులుపును చక్కెరను విఱుచును గదా. అదియు కొలత మీఱిన బెల్లము నల్లబడును.