అరకు కొండలలో కుందేలును, గోరువంకయు

విశాఖపట్టణమునుండి కిరండూలునకు బోవు రైలులో మేము పిల్లలతో అరకులోయకు బోయితిమి. బొఱ్ఱా గుహలు దాటిన వెనుకను సొరంగము వెంట సొరంగము వచ్చుచునే యుండెను. 996 మీటర్ల యెత్తున నున్న శిమిలిగుడ దాటగానే వలిసెచేలు పసుపు ఆరబోసినట్లు కానవచ్చినవి.

సాయంకాలమున చేనిగట్టుపై నొక కుందేలు కనబడినది. చంద్రునకు శశాంకుడను పేరు దెచ్చినది యిదియే. కిష్కింధాకాండమున వాలి, శ్రీరామునితో మాటాడుచు, ఉడుము, తాబేళ్లతోబాటు దీనిని పంచనఖములలో జేర్చినాడు. ఆ విభాగము గోళ్లనుబట్టి యైనది. నేటి శాస్త్రజ్ఞులు పండ్లను జూతురు. ఎలుకకు పైదవడ ముందు రెండే పండ్లు. కుందేటికి వాని వెనుక మఱి రెండు చిన్నపండ్లు కలవు. కావున నిది మూషికజాతి గాదు. ఇండ్ల బెంచు తెల్లకుందేలును దీనికి దాయాదియే. దాని పిల్లలు కన్నులు తెఱవక, బొచ్చులేక పుట్టును. అడవికుందేటి పిల్లలు తెఱచిన కన్నులతో, బొచ్చుతో గడ్డిలోనే పుట్టును.

మఱునాడు అనంతగిరి త్రోవలో కొండగోరువంకల జంటను జూచితిమి. నిగనిగలాడు నల్లని దేహము, నారింజవన్నె ముక్కు, తలవెనుక పసుపుపచ్చని తోలు. ప్రబంధములలోని శుకశారికలు జ్ఞప్తికి వచ్చినవి. 1758లో లిన్నేయసు పండితుడు దీనికి శాస్త్రనామ మిడెను. ఇది గాయకపక్షులలో గోరువంకల కుటుంబమునకు జెందినది. అడవిలో నిది యితర పక్షులను అనుకరింపదు; ఇరుగుపొరుగున నున్న తన జాతివారి పలుకులనే నేర్చును. పంజరమున బడినప్పుడే మనుష్యుల మాట పలుకును.

అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘమువారి యెఱ్ఱపట్టికలో నీ రెండును తక్కువ ఆందోళన గల తరగతిలోనివే. అంతరించు నపాయమున నున్న కుందేలు వేఱొకటి. బిరుసు బొచ్చు గల యా జాతి అస్సాములోని మానస వనమువంటి గడ్డిమైదానముల నున్నది. అయినను పట్టికలో సమానమైనంతన బ్రదుకులు సమానములగునా? చైత్రమున ఇటుకల పండుగనాడు గిరిజనులు వేటకు బోవుట పూర్వాచారము. అట్టి వేటకు లోనైనను కుందేలు పొదలందును చేలగట్లందును బ్రదుకగలదు. గోరువంకకో, పండ్లిచ్చు అడవియు, గ్రుడ్లిడుటకు తొఱ్ఱగల ముదిచెట్టును గావలెను. అది పెట్టునవి సాధారణముగా రెండు మూడు గ్రుడ్లే. చెట్టు గొట్టిన గూడు పోవును. చెట్టున్నను, పలుకు నేర్పి యమ్ముటకై పిల్లలను దొంగిలించువా రున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము రెండింటికిని రక్ష. గోరువంకను బట్టుట, అమ్ముట, పెంచుట నేరములు.

మా పిల్లలును దానిని పెంచుదమని యడిగిరి. "దాని మాట విడిచి మన మాట పలికిన ముచ్చటేమి?" అంటిమి. సోదరీమణులారా, పంజరము వ్రేలాడునది మన ముంగిటనే. కొనువారు లేనినాడు తొఱ్ఱలో చేయి పెట్టువాడు నుండడు.