పద్దెనిమిదో పేరు

తిరుపతిలో యూనివర్సిటీ వైపున్న మట్టి మైదానంలో ఆదివారం పొద్దున్నే అండర్-14 హాకీ ట్రయల్స్. చిత్తూరు, పలమనేరు, పీలేరు, భాకరాపేట వైపుల నుంచి తొలి బస్సులకే వచ్చేసిన పిల్లలు గోల్‌పోస్టు వెనక వరసగా కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్నారు. పద్దెనిమిది మందిని ఎంచాలి. రెండు మ్యాచులు ఆడించేసరికి పదిహేడు పేర్లు పేచీ లేకుండా కుదిరాయి. పద్దెనిమిదో పేరు దగ్గర కోచ్‌కూ పీఈటీ సారుకూ మాట కలవలేదు.

ఆ పిల్లవాడికి పదమూడేళ్ళు. నాలుగున్నర అడుగులుంటాడేమో, అక్కడున్న వాళ్ళందరిలోకీ వాడే బుడ్డోడు. ముందు వరసలో ఆడుతున్నాడు. బంతి వచ్చినప్పుడల్లా పెద్ద పిల్లలు భుజం ఆనించి పక్కకు నెట్టేస్తున్నారు. రెండుసార్లు కిందపడ్డాడు, లేచి మళ్ళీ పరిగెత్తాడు. కొట్టిన బంతి మట్టిలో సగం దూరం పోయి ఆగిపోతోంది.

"మంచోడే సార్, కాదన్ను. బంతి నిలబెట్టుకోలేకుండా ఉండాడు. వీణ్ణి తీసుకుంటే బయట కూర్చున్న ఇంకో పిల్లోడికి అన్యాయం చేసినట్టవుతాది" అన్నాడు కోచ్. యూనివర్సిటీ జట్టుకు ఆడి వచ్చిన కుర్రాడు. మాటలో కాఠిన్యం లేదు.

"బంతి పోయింది చూసినావప్పా. పోకముందు వాడు యాడ చూస్తా ఉన్నాడో చూసినావా?" అన్నారు పీఈటీ సారు.

రెండో సగంలో అదే గమనిస్తే ఆయన మాటలో నిజముందని తేలింది. బంతి రాకముందే వాడు ఒకసారి భుజం మీంచి వెనక్కి చూసుకుంటున్నాడు. ఎవరు ఖాళీగా ఉన్నారో ముందే పట్టేస్తున్నాడు. ఇవ్వాలనుకున్న చోటు సరైనదే, చేరేంత బలం లేదు. మిగతా పిల్లల్లో చాలామంది బంతి కాళ్ళ దగ్గరికొచ్చాకే తల ఎత్తుతున్నారు.

ఆ ఆట అయ్యాక విరామంలో వాడి పక్కన కూర్చుని కర్ర చేతిలోకి తీసుకుని చూశాం. ముప్పై ఆరున్నర అంగుళాలది, పెద్దవాళ్ళు ఆడే కొలత. నేల మీద నిలబెడితే పిడి చివర వాడి పక్కటెముకలకు తగులుతోంది. పొడుగు పిల్లలకు అదే కర్ర నడుముకొస్తుంది. వంగి బంతిని తిప్పబోతే పిడి కడుపులో గుచ్చుకుంటుంది కాబట్టి వాడు చెయ్యి కిందికి జార్చి పట్టుకుంటున్నాడు. పిడి కొసన గ్రిప్పు కొత్తదిలా ఉంది, నాలుగు వేళ్ళ కింద మాత్రం అరిగి లోపలి చెక్క కనిపిస్తోంది. చొక్కా ఎత్తి చూపించాడు, బొడ్డు పక్కన రాసుకుపోయిన ఎర్రటి గీత. ఇంతకంటే పొట్టి కర్రతో ఎప్పుడైనా ఆడావా అంటే "లేదు సార్, ఉండేవి ఇవే" అన్నాడు.

కోచ్ ఆ గీత చూసి ఏమీ మాట్లాడలేదు. పక్క మైదానంలో ఆడుతున్న ఆడపిల్లల దగ్గర్నుంచి ముప్పై నాలుగు అంగుళాల కర్ర అడిగి తెచ్చి ఇచ్చాడు. అద్భుతమేమీ జరగలేదు. ఆ తర్వాత కూడా ఒకసారి నెట్టేస్తే పడ్డాడు. కానీ బంతి ఇప్పుడు కాళ్ళకు దగ్గరగా ఉంది, రెండు పాసులు చేరాల్సిన చోటికే చేరాయి.

ఏ ఎంపికలోనైనా ఇక్కడే మెలిక పడుతుంది. చిన్నగా ఉండటం వేరు, తడబడటం వేరు. తడబాటులో ఎంత ఒంటి వల్ల, ఎంత సామాను వల్ల, ఎంత ఆట తెలియక అని విడదీసి చూడకుండా కొట్టేసే పేర్లు ఎన్నో.

పదమూడేళ్ళ వయసు ఇంకా చిక్కు. మగపిల్లలు వేగంగా పొడుగయ్యేది సుమారు పద్నాలుగో ఏట. కొందరికి అది పన్నెండుకే మొదలవుతుంది, కొందరికి పదిహేను దాటాక. ఒకే తరగతిలో చదివే ఇద్దరి మధ్య అరడుగు తేడా ఉండటం మామూలే. కెనడాలో ఐస్ హాకీ జట్ల పుట్టిన తేదీలను రోజర్ బార్న్‌స్లీ బృందం 1985లో లెక్కతీస్తే, పెద్ద జట్లలో జనవరి నుంచి మార్చి దాకా పుట్టినవాళ్ళే ఎక్కువగా తేలారు. అక్కడ వయసు లెక్క జనవరి 1తో మొదలవుతుంది. ఏడాది మొదట్లో పుట్టినవాడు చివర్లో పుట్టినవాడికంటే చిన్నప్పుడు కాస్త పెద్దగా కనిపిస్తాడు, ఎంపికవుతాడు, మంచి శిక్షణ వాడికే దొరుకుతుంది. మనకు ఇంకో తిప్పలుంది. బడిలో చేర్చేటప్పుడు జూన్ అని రాయించేసిన పుట్టినరోజులు పల్లెల్లో కోకొల్లలు. వయసు తగ్గించి ఆడేవాళ్ళ బెడద వల్లే ఎముకల ఎక్స్‌రే తీసి వయసు తేల్చే పరీక్షలు వచ్చాయి. పక్కవాడు నిజానికి రెండేళ్ళు పెద్దవాడైతే, సరైన వయసున్న పిల్లవాడు బుడ్డోడిలా కనిపించడంలో వింతేముంది?

ఐస్ హాకీలోనే మార్టిన్ సెయింట్ లూయీ అని ఒకాయన. ఎత్తు ఐదడుగుల ఎనిమిది అంగుళాలు, ఆ ఆటకు పొట్టికిందే లెక్క. డ్రాఫ్టులో ఏ జట్టూ తీసుకోలేదు. కాల్గరీ జట్టు 2000లో వదిలేసింది. టాంపా బే తీసుకుంది. 2004లో ఆ జట్టు స్టాన్లీ కప్ గెలిచింది, ఆ సీజన్లో లీగ్ మొత్తంలో ఎక్కువ పాయింట్లు ఆయనవే.

మన హాకీలో రాణీ రాంపాల్ ఉంది. హర్యానాలోని షాహాబాద్‌లో కోచ్ బల్‌దేవ్ సింగ్ మొదట ఆ పిల్లను చూసి శిక్షణ తట్టుకునే బలం లేదని వద్దన్నారు. ఇంట్లో తిండికే కటకట. రోజూ అర లీటరు పాలు తెచ్చుకుని తాగాలన్నది అకాడమీ నియమం, ఇంట్లో కొనగలిగింది 200 మిల్లీలీటర్లు. నీళ్ళు కలుపుకుని తాగేదాన్నని రాణీయే చెప్పుకుంది. విరిగిన కర్రతో ఆడి ఆడి చివరికి కోచ్ మనసు మార్చింది. తర్వాత ఆమెను నిలబెట్టింది ఆ కోచే. పద్నాలుగేళ్ళకు భారత జట్టు, పదిహేనేళ్ళకు 2010 ప్రపంచ కప్, టోక్యో ఒలింపిక్స్‌లో నాయకత్వం.

టోక్యో వెళ్ళిన ఆ జట్టులోనే మన పక్కూరి అమ్మాయి ఒకరుంది.

మధ్యాహ్నం పీఈటీ సారు ఊరివైపే ప్రయాణం. చంద్రగిరి, రంగంపేట దాటి భాకరాపేట ఘాట్ ఎక్కి దిగితే శేషాచలం అడవి అంచున ఎర్రావారిపాలెం మండలం. నేరబైలు మీదుగా తలకోన జలపాతానికి పోయే కార్లు అడ్డం తప్పుకోమంటూ హారన్ కొడతాయి. ఈ మండలంలోదే ఎనుమలవారిపల్లె, భారత గోల్‌కీపర్ ఇ. రజని ఊరు.

ఆమె కథ ఎత్తుకు సంబంధించింది కాదు, ఓపికకు సంబంధించింది. 3.66 మీటర్ల వెడల్పు, 2.14 మీటర్ల ఎత్తున్న గోల్ ముందు నిలబడేది ఒక్కరే. భారత జట్టులో ఆ చోటు ఏళ్ళ తరబడి సవితా పూనియాది. ముందు వరస ఆటగాళ్ళను ఆట మధ్యలో మారుస్తూనే ఉంటారు, గోల్‌కీపర్‌ను అలా మార్చరు. కాబట్టి రెండో గోల్‌కీపర్ పని రోజూ ప్యాడ్లు కట్టుకుని పెనాల్టీ కార్నర్లు ఆపుకుంటూ, మ్యాచ్ రోజు బయట కూర్చోవడం. రజని ఆ పని చేసింది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో వెండి పతకం గెలిచిన జట్టులో ఉంది. టోక్యోకు ప్రత్యామ్నాయ గోల్‌కీపర్‌గా వెళ్ళింది. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల కంచు జట్టులోనూ ఉంది. 2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన తొలి హాకీ ఫైవ్స్ ప్రపంచ కప్‌కు ఆమే కెప్టెన్, జట్టు ఫైనల్ దాకా పోయింది. ఆడించే అవకాశం తక్కువని ఆమెను క్యాంపు నుంచి పంపేసి ఉంటే ఆ కెప్టెన్ ఉండేది కాదు.

"ఉంచుకోవడం అంటే ఆడించడమే అనుకుంటారు. రెండూ వేరే సార్" అన్నారు పీఈటీ సారు, అరుగు మీద కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తూ.

కోచ్ భయమూ కొట్టిపారేసేది కాదు. హాకీ బంతి దాదాపు 160 గ్రాముల గట్టి బంతి. పెద్ద పిల్లలు బలంగా కొడితే చిన్నవాడి మోకాలికో మొహానికో తగలొచ్చు. ఓడిపోయిన ప్రతిసారీ వేలు చూపేది వాడి వైపే. అది పదమూడేళ్ళ మనసుకు మంచిది కాదు. అయినా ఈ వయసులో పంపేయడం తప్పే. పంపేస్తే వాడు పల్లెకు తిరిగిపోతాడు. అక్కడ హాకీ శిక్షణ లేదు. రెండేళ్ళ తర్వాత పొడుగైనా వాణ్ణి వెతుక్కుంటూ ఎవరూ పోరు. ఉంచుకుని చూసి, కాకపోతే అప్పుడు చెప్పొచ్చు.

ఉంచుకోవడానికీ పద్ధతుంది. మూడు నెలలకోసారి ఎత్తు కొలిచి రాసుకోవాలి. ఒంటికి సరిపడే కర్ర ఇవ్వాలి. నెట్టుడు ఎక్కువుండే ముందు వరస నుంచి తీసి, చూపు పనికొచ్చే హాఫ్ లైనులో ఆడించి చూడాలి. అసలు మ్యాచ్‌లో ఎప్పుడు దించుతారో, ఎందుకు దించడం లేదో వాడికీ వాడి అమ్మానాన్నలకూ దాచకుండా చెప్పాలి. క్రీడా పాఠశాలల్లో నాలుగో తరగతికి పిల్లల్ని తీసుకునేటప్పుడు ఎత్తు, బరువు, 30 మీటర్ల పరుగు, మెడిసిన్ బాల్ విసరడం, 800 మీటర్ల పరుగు లాంటివాటికి మార్కులు వేస్తారు. ఇంకా ఏ ఆటా మొదలుపెట్టని పిల్లలకు అది సబబే. ఆట మూడేళ్ళుగా ఆడుతున్న పిల్లవాణ్ణి కూడా అదే కొలతతో చూస్తే నేర్చుకున్నదంతా లెక్కలోకి రాకుండా పోతుంది.

సాయంత్రం కోచ్ ఫోన్ చేశాడు. పేరు రాశానన్నాడు, క్యాంపుకు మాత్రమే, మ్యాచ్ సంగతి తర్వాత. లెఫ్ట్ హాఫ్‌లో ఆడిస్తానన్నాడు. కర్ర తానే కొంటానంటే పీఈటీ సారు ఒప్పుకోలేదు. సగం సగం పెట్టుకుందామని తేల్చుకున్నారు. బుధవారం లోపల స్టడీ సర్టిఫికెట్, ఆధార్ జిరాక్సు పంపాలని కోచ్ గుర్తుచేస్తే, వాళ్ళ నాయనకు ఇప్పుడే చెప్తానని సారు చెప్పులేసుకుని బయల్దేరారు.