ఆబిడ్సు దీపములు – జవాహర్‌నగరు నేల

హైదరాబాదు చూడవచ్చిన ఇల్లాండ్రు చార్మినారు తరువాత ఆబిడ్సు, నాంపల్లి వీధులకే వత్తురు. ఆరవ నిజాము కొలువులో నుండిన ఆల్బర్ట్ ఆబిడ్ అనునాతని అంగడి యుండుటచే ఆబిడ్సునకా పేరు వచ్చినది. పెద్ద తపాలాకచేరి, చీరెల కొట్లు, ఆదివారము కాలిదారులపై పరచెడి పాతపుస్తకములు దాటి పడమరగా నడచినచో 1907 నాటి నాంపల్లి రైలుస్టేషను వచ్చును. దాని సమీపముననే నుమాయిషు మైదానము. 1938 లో పబ్లిక్ గార్డెన్సున ఆరంభమైన ఈ ప్రదర్శనము 1946 లో ఇచ్చటికి మారినది. జనవరి మాసపు రాత్రులలో ఆ దీపముల కాంతి చూచితీరవలెను.

ఆ కాంతి యెచ్చటిది? ఒకప్పుడు హుస్సేన్ సాగరు గట్టున బొగ్గు కాల్చి నగరమునకు విద్యుత్తు నిచ్చెడివారు. ఆ కేంద్రమును 1995 లో కూల్చివేసిరి. నేడు నగరపు విద్యుత్తులో కొలదిభాగము మనము పారవేయు చెత్తనుండియే పుట్టుచున్నది.

ఈ వీధులలోని చెత్త తెల్లవారక మునుపే బండ్లకెక్కి, 20 కిలోమీటర్లకు మించిన దూరమున నున్న జవాహర్‌నగరు చేరును. అచ్చట ఏండ్ల తరబడి కుప్పవడిన చెత్త సుమారు 120 లక్షల టన్నులు. వాన పడినప్పుడెల్ల దానినుండి దిగిన నల్లని మురుగు మల్కారము చెరువును, భూగర్భజలమును పాడుచేసినది. నగరపాలక సంస్థ ఆ కొండపై మన్ను, పొరలు కప్పించినది. 2020 లో ఆ ప్రాంగణముననే చెత్తను కాల్చి విద్యుత్తు తీయు 19.8 మెగావాట్ల కేంద్రము మొదలైనది. తరువాత దానిని 24 మెగావాట్లకు పెంచిరి. 2023 లో సుమారు 250 కోట్ల రూపాయలతో మురుగునీటి శుద్ధికేంద్రమును తెరచిరి.

ఈ విద్యుత్తు చౌకయైనది కాదు. దాని వెలను 2020 లో నిర్ణయించిన విద్యుత్ నియంత్రణ మండలి కచేరి అప్పుడు నాంపల్లి ప్రక్కనే, రెడ్ హిల్సు సింగరేణి భవనమున నుండెను. ఆ వెల యూనిటుకు 7 రూపాయలకు మించినది. ఆ యేటనే దేశమున సౌరవిద్యుత్తు వేలములో 3 రూపాయలకు లోపుగా పలికినది. ఆ హెచ్చుధర తుదకు ప్రజలమీదనే పడును. వెలుతురు మాత్రమే కావలసినచో ఇది దండుగయే. చెడిన నేలను బాగుచేయుటకై ఇచ్చు సొమ్మగునేని, దండుగ కాదు. కావున లెక్క మెగావాట్లతో ముగియరాదు. జవాహర్‌నగరు ఇల్లాలు తన బావినీరు నిర్భయముగా త్రాగగలిగిన నాడు ముగియవలెను.

క్షీరసాగరమును మథించినపుడు అమృతముకంటె ముందు హాలాహలము పుట్టినది. శివుడు తానై దానిని మ్రింగెను. జవాహర్‌నగరువారు తామై కోరి మ్రింగలేదు, వారినెవ్వరు నడుగనులేదు. అమృతము మన వీధికిని, విషము వారి వాకిటికిని పంచుట ధర్మమా?

ధనము సర్కారు చేతిలోనిది. చెత్త మన చేతిలోనిది. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నము పొడి చెత్తతో కలిసినచో కొలిమివేడిలో కొంత ఆ తడిని ఆర్పుటకే వ్యయమగును. కుప్పలో కుళ్లినచో ఆ తడియే మురుగై నేలలోనికి దిగును. వేరుగా నుంచినచో తడిది ఎరువగును, పొడిది చక్కగా మండును. రెండు బుట్టలుంచుట ఏ ఇల్లాలికిని భారము కాదు. నుమాయిషు దీపములు చూచి మురిసిన మనము ఆ నేలకు తీర్పవలసిన ఋణములో మొదటి వాయిదా ఇదియే.